ఇద్దరే బిడ్డలున్న సంఖ్య

వెంకటరత్నాన్ని గుద్దిన లారీకి ముందు నంబరు లేదు, వెనకా నంబరు లేదు.

1974 నవంబరు 28, ఉదయం తొమ్మిదీ పది. టాటీబంధ్ కూడలిలో లేచిన దుమ్ము ఇంకా నేలకు దిగలేదు. పాన్ డబ్బా పక్కన బీడీ వెలిగిస్తున్నట్టు నటిస్తున్న పరదేశి కళ్ళముందే అంతా అయిపోయింది. సైకిలు ఒక పక్క, మనిషి ఒక పక్క. పరదేశి అందరికంటే ముందు పరిగెత్తలేదు. పరిగెత్తకూడదు, అది రూలు. గుంపులో ఏడోవాడిగానో ఎనిమిదోవాడిగానో వెళ్ళి వంగి చూశాడు.

"అన్నయ్యా" అన్నాడు పెదవి కదపకుండా.

వెంకటరత్నం కళ్ళు తెరిచాడు. గుర్తుపట్టాడు, గుర్తుపట్టనట్టు ముఖం పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ ట్రెయినింగ్ ఊరికే పోతుందా! పిడికిట్లోని అగ్గిపెట్టె పరదేశి కాలిదగ్గరకి జారింది. "మీ వదినకి..." అన్నాడు. ఏం చెప్పాలో అనకుండానే పోయాడు.

లోకానికి వెంకటరత్నం రాయపూర్ గూడ్స్ ఆఫీసులో గుమస్తా. పరదేశి యార్డులో నంబర్ టేకర్, అంటే వచ్చే పోయే గూడ్సు బండ్ల వ్యాగన్ నంబర్లు రాసుకునేవాడు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకొచ్చిన రైల్వే కుటుంబాల వాళ్ళే, ఆ చనువుతోనే అన్నయ్యా అనే పిలుపు. లోకానికి తెలియనిది ఒకటుంది. ఇద్దరూ డిపార్ట్‌మెంట్ మనుషులు, అంటే సర్కారు గూఢచారులు. పరదేశి కోడ్ నేమ్ "తోక". నంబర్ టేకర్ల పని తీరు చూసి ఎవరో సరదాగా పెట్టిన పేరు అది. బండి జోరుగా పోతుంటే పొడుగాటి నంబరంతా కంటికి చిక్కదు. అందుకని ముందు చివరి రెండంకెలు పట్టుకుంటారు. తోక దొరికితే తల తరవాత కాగితాల్లో వెతుక్కోవచ్చు.

అగ్గిపెట్టె అడుగున పెన్సిలుతో తొమ్మిది అంకెలున్నాయి. 829348951.

పరదేశి మొదట చేసిన పని డిపార్ట్‌మెంట్ పని కాదు. తారాఫీసుకు వెళ్ళి బిలాస్‌పూర్‌లో ఉన్న వెంకటరత్నం భార్య బంగారమ్మకు తంతి ఇచ్చాడు. "మీ ఆయనకు సీరియస్. వెంటనే బయల్దేరండి." చనిపోయాడని తంతిలో రాయడానికి చెయ్యి రాలేదు. ఆ ఒక్క అబద్ధం తన మెడకే ఉచ్చు అవుతుందని అప్పుడు తెలియదు.

*

గోల్ బజారులో బట్టలకొట్టు పైన ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుంది. అక్కడ పాలసీలు ఎవరూ కట్టరు. చీఫ్ చెన్నకేశవులు అగ్గిపెట్టెను భూతద్దంలో చూసి, నవ్వి, బల్లమీద పెట్టాడు.

"బ్రీఫింగ్ చిన్నదే. రేపు 29. ఉదయం పూట మందుగుండు మోసే స్పెషల్ బండి రాయపూర్ మీదుగా బిలాస్‌పూర్ వైపు పోతుంది. ఎన్ని గంటలకన్నది టాప్ సీక్రెట్. భన్‌పురిలో గాజుసీసాల ఫ్యాక్టరీ పెట్టిన ఆ విదేశీ డాక్టర్ క్రేన్ ముఠా దాన్ని పేల్చాలని చూస్తోంది. ఎక్కడ అన్నదే ప్రశ్న. ఇదుగో జవాబు. 829 బై 34."

రైలు పట్టాల వెంట ప్రతి కరెంటు స్తంభానికీ ఒక నంబరుంటుంది. హౌరా నుంచి ఎన్నో కిలోమీటరు, అందులో ఎన్నో స్తంభం అని. 829వ కిలోమీటరు రాయపూర్ స్టేషనే. రైల్వేలో అన్నం తిన్న ఏ మనిషికి ఆ అంకెలు చూపించినా ముందు స్తంభమే కనిపిస్తుంది.

"మరి మిగతా నాలుగంకెలు ఏటండి?"

"పైపూత. కన్ఫ్యూజ్ చెయ్యడానికి. ఫోర్స్ మొత్తాన్ని 34వ స్తంభం చుట్టూ పెడుతున్నాను. రేపు స్టేషన్‌లో బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసు నా మాట తప్ప ఎవరి మాటా వినదు. నువ్వు యార్డులో నీ పుస్తకం రాసుకో."

"లీలావతిని ఒకసారి కలవనీయండి. నంబరు బయటికి తెచ్చింది ఆవిడే కదా."

"డబుల్ ఏజెంట్ అన్నాక సగం అబద్ధం ఉంటుంది, తోకా. ఏ సగమో నీకు తెలుసా?"

పరదేశికి తెలియదు. అయినా సాయంకాలం నాలుగు గంటలకి, మెడలో మఫ్లరు, భుజాన పనిముట్ల సంచి, గడ్డానికి తెల్లరంగు పూసుకుని, రైల్వే కాలనీ చర్చిలో హార్మోనియం బాగుచేసే ముసలివాడిగా కూర్చున్నాడు.

లీలావతి వచ్చింది. రాయపూర్‌లో ఆ రోజుల్లో ఆడవాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్కూటర్ నడపడం ఒక వింత. ద్రాక్షరంగు నైలాన్ చీర, చెవులకు ఎర్రరాళ్ళు, ఆమె కంటే ముందు లోపలికొచ్చే సెంటు వాసన. నర్సు శాంతమ్మగారి అమ్మాయి. గాజు ఫ్యాక్టరీలో డాక్టర్ క్రేన్‌కి స్టెనో. వాళ్ళు ఆమెను మన రహస్యాల కోసం పంపారు. మనం ఆమెను వాళ్ళ రహస్యాల కోసం పంపాం. రెండు పక్కలా జీతం, రెండు పక్కలా అనుమానం.

"ఏ మెట్టు పలకడం లేదమ్మా?" అన్నాడు పరదేశి. కోడ్ అది.

"పలకని మెట్టే మంచిది తాతా. అబద్ధం చెప్పదు." జవాబు సరిగ్గా చెప్పింది. గొంతు దించింది. "రత్నంగారు పోయారంట, నిజమేనా?"

"నిజమే."

ఆమె గబగబా చెప్పింది. "సునో. ఆ నంబరు టైప్ చేసింది నేనే. నాకు తెలిసింది అంతే. కానీ క్రేన్ వాళ్ళవాడితో నవ్వుతా అన్నాడు, ఈ సంఖ్యకి ఇద్దరే బిడ్డలు, మూడోది లేదు, ఒక బిడ్డ చోటు చెప్తుంది, ఒక బిడ్డ టైమూ తారీఖూ చెప్తుంది అని. ఆ ఇద్దరికీ మళ్ళీ పిల్లల్లేరు అన్నాడు. రెండిటినీ గుణిస్తే ఇది వస్తది. సమఝే? ఆ రెండూ ఏంటో ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆయన పొద్దున్నే మానా నుంచి విమానం ఎక్కి పోయాడు."

"మా చీఫ్ 829 బై 34 అంటన్నాడు."

"పిచ్చోడు! మీరందరూ అదే అనుకుంటారనే ఆ సంఖ్య ఏరుకున్నాడు క్రేన్."

"నువ్వు పారిపో తల్లీ. ఈ పూటే."

లీలావతి కళ్ళద్దాలు తీసింది. కళ్ళకింద నలుపు. "పారిపోతే నేను చెప్పింది అబద్ధమని మీ వాళ్ళు తేల్చేస్తారు. ఎవరూ లెక్క చెయ్యరు. రేపు నేను నా టైప్‌రైటర్ ముందే కూర్చుంటా. కూర్చున్నానంటే నిజం చెప్పాననే కదా? అదొక్కటే సాక్ష్యం నా దగ్గర."

*

29 ఉదయం తొమ్మిదింటికి పరదేశి యార్డులో నిలబడి ఉన్నాడు. రాత్రంతా ఆ సంఖ్యను భాగించి భాగించి పలక అరిగిపోయింది. మూడుతో పోదు, ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు. ఎనభై రెండు కోట్ల తొంభై మూడు లక్షల నలభై ఎనిమిది వేల తొమ్మిది వందల యాభై ఒకటి. కొండ లాంటి సంఖ్య, ఎక్కడా పగులు లేదు. ఇలా ఒక్కొక్కటే చూస్తూ పోతే వెయ్యి భాగహారాలు చెయ్యాలి. వారం పడుతుంది. ఉన్నది గంటో రెండు గంటలో.

చేతిగడియారంలో దాచిన వైర్‌లెస్ నొక్కాడు. దాని బ్యాటరీ ఢిల్లీ నుంచి రావాలి, ఆరు నెలలుగా వస్తూనే ఉంది. చివరికి క్యాబిన్ ఫోనులోంచే చీఫ్‌కి చెప్పాడు. "నీ పోస్టులో నువ్వుండు" అని ఫోను పెట్టేశాడాయన.

అప్పుడే తంతి బంట్రోతు వచ్చాడు. బిలాస్‌పూర్ నుంచి జవాబు. "పొద్దుటి పాసింజర్‌కు బయల్దేరుతున్నాను. బంగారమ్మ."

పరదేశి ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు. పాసింజర్ ఈపాటికి భాటాపారా వచ్చి ఉంటుంది. ఇటునుంచి స్పెషల్, అటునుంచి పాసింజర్. దారిలో ఎక్కడో ఒకచోట రెండూ పక్కపక్కనే దాటుకుంటాయి. ఎక్కడో!

గూడ్సు బండి ఒకటి కదిలింది. అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి తోకలు రాయడం మొదలుపెట్టాడు. 14, 87, 30, 51...

51 దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

సంఖ్య తోక 51. ఒక బిడ్డ టైమూ తారీఖూ అంది లీలావతి. తారీఖు తెలుసు కదా! ఈవేళ 29. ఆ బిడ్డ తోక 29. మరి 29ని ఎంతతో గుణిస్తే తోక 51 వస్తుంది?

పక్కన ఆగి ఉన్న వ్యాగన్ ఇనప తలుపు మీద సుద్దముక్కతో వేశాడు. తొమ్మిదిని తొమ్మిదితో గుణిస్తేనే చివర ఒకటి వస్తుంది. తొమ్మిది, పంతొమ్మిది, ఇరవై తొమ్మిది, ముప్పై తొమ్మిది... అన్నీ వేసి చూశాడు. పంతొమ్మిది ఇరవైతొమ్మిదులు అయిదువందల యాభై ఒకటి. ఇంకేదీ కుదరలేదు. 19, అదొక్కటే.

అంటే చోటు చెప్పే బిడ్డ తోక 19. టైమూ తారీఖూ కలిస్తే ఆరంకెలు, కాబట్టి చోటుకు మిగిలేది నాలుగే, మూడు కిలోమీటరుకి, ఒకటి స్తంభానికి. స్తంభం లెక్కలో, ఒకటితో ముగిసే కిలోమీటరులో తొమ్మిదో స్తంభం. బిలాస్‌పూర్ నుంచి దుర్గ్ దాకా అలాంటివి పదిహేనే! వెయ్యి భాగహారాలు పదిహేనుకు దిగాయి.

7219. పోలేదు. 7319. పోలేదు. సుద్ద విరిగింది. 7419, 7519, 7619. ప్రతిదానికీ చివర శేషం వెక్కిరిస్తూ మిగిలింది. చెమట కళ్ళలోకి కారుతోంది. 7719. 7819. తలుపంతా నిండిపోయింది. 7919.

శేషం సున్నా.

7919 ఒక బిడ్డ. 104729 రెండో బిడ్డ. వెంకటరత్నం నేర్పిన తొమ్మిదుల ఎత్తివేత కూడా చేశాడు, అంత కంగారులోనూ. ఒకదాని అంకెలు ఒక్క అంకె మిగిలేదాకా కూడితే ఎనిమిది తేలింది, ఇంకోదానికి అయిదు. ఎనిమిదైదులు నలభై, అంటే నాలుగు. పెద్ద సంఖ్య అంకెలు కూడితేనూ నాలుగే. లెక్క కరెక్ట్. రూలు ప్రకారం కింద టైము వేసి పొడి సంతకం పెట్టాడు. 9-35.

791వ కిలోమీటరు, తొమ్మిదో స్తంభం. తిల్దా దగ్గర వాగు మీద కల్వర్టు. 29వ తేదీ, 10 గంటల 47 నిమిషాలు.

ఆ టైముకి పాసింజర్ కూడా అక్కడే ఉంటుంది. రెండు బండ్లూ సరిగ్గా ఆ కల్వర్టు మీద దాటుకోవాలని క్రేన్ కట్టిన ముహూర్తం అది. బంగారమ్మను ఆ బండి ఎక్కించింది మాత్రం పరదేశి ఇచ్చిన తంతి.

*

షెడ్డు దగ్గర బొగ్గింజను ఒకటి ఆవిరి మీద ఉంది. భాటాపారాకు ఖాళీగా పోవాలి, సిగ్నల్ కోసం చూస్తోంది. డ్రైవరు దానయ్య, బాపట్ల మనిషి.

"దానయ్యా, జల్దీ పోనీ. స్పెషల్ కంటే ముందే నువ్వెళ్ళాలని కంట్రోల్ ఆర్డరు."

"ఏదీ కాయితం?"

"కాయితం లేదు. నోటిమాట."

దానయ్య అతని మొహం వంక చూశాడు. "నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి పరదేశీ. ఇప్పుడు టమాటాల్లాగున్నాయి."

"రత్నం అన్నయ్య పెళ్ళాం పాసింజర్‌లో వస్తంది. తిల్దా కల్వర్టు కింద మందుగుండు ఎట్టారు. ఇంకేటీ అడక్కు."

దానయ్య క్యాబిన్‌కి అదే అబద్ధం తానూ చెప్పి సిగ్నల్ తీయించాడు. 9-48కి ఇంజను కదిలింది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ముసలి ఇంజను, ఆస్తమా మనిషిలా ఎగశ్వాస పీలుస్తూ పరిగెత్తింది. పరదేశి పార తీసుకుని బొగ్గు వేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఆగి తిల్దాకి ఫోన్ చేద్దామా?" అన్నాడు దానయ్య.

"కంట్రోల్ చీఫ్ మాట తప్ప వినదు. నంబర్ టేకర్ మాట విని ఎవడు ఆపుతాడు బండి?"

నిజానికి ఆశ పెట్టుకోవడానికి అక్కడేమీ లేదు. ఆ లెక్క ఒక్కటే ఉంది, అదైనా నిజమో అబద్ధమో తెలియని మనిషి ఇచ్చినది.

10-41. కల్వర్టు దగ్గర ఇంజను ఆగింది. లైను మీద ఇంజను నిలబడితే వెనక వచ్చే బండికి సిగ్నల్ పడదు. స్పెషల్ వెనక స్టేషన్‌లోనే ఆగిపోయి ఉంటుంది. అక్కడికి సగం ఒడ్డెక్కినట్టే. కానీ పాసింజర్ వచ్చేది పక్క లైను మీద. దూరంగా అప్పుడే కూత వినిపించింది.

పరదేశి గట్టు మీదనుంచి జారి వాగులోకి దిగాడు. కల్వర్టు కప్పు కింద, చల్లని నీడలో, గోనెగుడ్డల్లో చుట్టిన పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిలోంచి నల్లని వైరు తుమ్మపొదల్లోకి పోయింది. ఆ పొదల వెనక పట్టాలు చూసే గ్యాంగ్‌మన్ వేసుకునే నీలం చొక్కా ఒకటి కదిలింది. వాడు ఆగిన ఇంజనును చూశాడు. స్పెషల్ రాదని వాడికీ అర్థమయ్యింది. అయినా వాడు కదలలేదు. పాసింజర్ వస్తోంది కదా, దాంతోనే సరిపెట్టుకుంటాడు.

పరదేశి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన లైటర్ తీశాడు. అడుగున వైర్ కట్టర్ ఉంది, ఢిల్లీలో డెమో చూపించి మరీ ఇచ్చారు. వైరు మీద పెట్టి నొక్కాడు. కట్టర్ రెండు ముక్కలై బురదలో పడింది.

"దానయ్యా! పటకారు!"

పైనుంచి బరువైన ఇనప పటకారు వచ్చి అతని భుజం మీద పడింది. ఎముక కలుక్కుమంది. ఎడంచేత్తో అందుకున్నాడు. కల్వర్టు అదరడం మొదలయ్యింది. ఒకసారి నొక్కాడు, పైతొడుగే తెగింది. రెండోసారి నొక్కాడు, రాగి తీగ సగం. పొదల్లోంచి మందుగుండు పేల్చే పెట్టె పిడి కిందికి దిగిన చప్పుడూ, పటకారు పళ్ళు కలిసిన చప్పుడూ ఒకటి ముందా ఇంకోటి ముందా అన్నట్టు వినిపించాయి.

పటకారే ముందు.

పాసింజర్ అతని నెత్తిమీదుగా పోయింది. పరదేశి వాగులో చతికిలబడి, ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా పెట్టెలు లెక్కపెట్టాడు. పదకొండు. అందులో ఏదో ఒక పెట్టెలో, కిటికీ పక్కన, మొగుడు ఇంకా బతికే ఉన్నాడనుకుంటూ బంగారమ్మ కూర్చుని ఉంటుంది.

దానయ్య పార ఎత్తుకుని పొదల్లోకి వెళ్ళేసరికి నీలం చొక్కావాడు ఏదో కొరికి నోట నురగతో పడి ఉన్నాడు. చెప్పడానికి వాడూ మిగల్లేదు.

*

రాయపూర్‌లో 829 బై 34 దగ్గర నలభై మంది పోలీసులు మధ్యాహ్నం దాకా కాపలా కాశారు. ఒక మేక దొరికింది. చెన్నకేశవులుకు ఎవరో ఒకరు దొరకాలి కదా. భన్‌పురి వెళ్ళాడు. ఫ్యాక్టరీ అంతా ఖాళీ. ఒక్క లీలావతి మాత్రం చెప్పినట్టే టైప్‌రైటర్ ముందు కూర్చుని ఉంది. చేతులకు సంకెళ్ళు వేశారు.

"ఆవిడ వల్లే నాను లెక్క కట్టానండి" అన్నాడు పరదేశి, కట్టుకట్టిన భుజంతో.

"చోటు తెలిశాక ఎవడైనా భాగిస్తాడు. చోటు తెలియకముందే చేశావనడానికి సాక్ష్యం?"

"వ్యాగన్ తలుపు మీద రాశాను. టైము వేశాను. సంతకం చేశాను."

"ఏ వ్యాగన్?"

ఆ వ్యాగన్ పదకొండింటి గూడ్సులో వెళ్ళిపోయింది. పరదేశి పుస్తకం తీశాడు. పదమూడేళ్ళ అలవాటు ప్రకారం అందులో తోక మాత్రమే ఉంది. 62. తల కాగితాల్లో వెతుకుదామని వెళ్తే, ఆ బండిలో 62 తోకతో మూడు వ్యాగన్లున్నాయి. మూడూ మూడు దిక్కులకు విడిపోయాయి. దేశంలో ప్రతి వందలో ఒకటి 62తో ముగుస్తుంది. రెండు రోజుల తరవాత తుఫాను వాన పడింది. సుద్దరాతలు ఎంతసేపు నిలుస్తాయి! అయినా ఆ తరవాత ఏ యార్డులో 62 కనిపించినా పరదేశి తలుపు తడిమి చూడకుండా వదల్లేదు.

లీలావతిని జబల్‌పూర్ జైలుకు తీసుకుపోతున్న రోజు స్టేషన్‌లో ఒక్క నిమిషం ఎదురుపడింది. నల్లకళ్ళద్దాలు లేవు. "ఎన్ని భాగహారాలు పట్టాయి తాతా?" అని అడిగింది.

"ఎనిమిది."

"బస్! ఎనిమిదేనా?" అని నవ్వింది. ఆ నవ్వు ఏ సగమో పరదేశికి ఇక అనుమానం లేదు. అనుమానం లేనిది అతనొక్కడికే.

కానీ అవన్నీ తరవాతి మాటలు. ఆ రోజు దానయ్య ఇంజను మీదే వెనక్కి వచ్చేసరికి బంగారమ్మ ప్లాట్‌ఫారం మీద సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"బండి టైముకే వచ్చీసింది మరిదీ. నువ్వే లేటు" అంది. "మీ అన్నయ్యకెలాగుంది?"

ఆమె పరదేశి మసిచేతులూ, వాలిన భుజమూ చూసింది. సంచి నెమ్మదిగా కింద పెట్టింది. ఆమెను బతికించి తెచ్చింది ఇందుకోసమే.

డిపార్ట్‌మెంట్ లెక్కలో పరదేశి అనే మనిషే లేడు. రైల్వే లెక్కలో ఉన్నాడు. అందుకని వారానికల్లా చార్జిషీటు వచ్చింది. లేని ఆర్డరు ఉందని చెప్పి ఇంజను నడిపించి, స్పెషల్ బండిని పదకొండు నిమిషాలు ఆపించిన కారణమేమిటో ఈ కింది ఖాళీలో రాయవలెను అని ఉంది. ఖాళీ ఒక్క గీత మందమే ఉంది.

పరదేశి బాగా ఆలోచించి, ఎడంచేత్తో రాశాడు: "లెక్క సరిచూసుకోవడానికి."